బంతికి కాలు తగిలితే

మా కోచ్ ఎవరినీ బంతి మీద కూర్చోనివ్వరు. ప్రాక్టీసు మధ్యలో అలసిపోయి ఎవరైనా బంతిని కింద పెట్టి దానిమీద కూర్చుంటే, ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా నిలబడతారు. ఆ పిల్ల లేచేదాకా అక్కడే ఉంటారు. విండ్సర్‌కి వచ్చిన కొత్తలో, ఆ జిమ్‌లో మొదటిసారి అడుగు పెట్టినప్పుడు నాకు కనబడింది అదే. అప్పటికి నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు, వచ్చిన ముక్కలు కూడా నోరు దాటి బయటికి రావు. అయినా ఆ తెల్లజుట్టు పొడుగావిడని చూడగానే, ఈవిడ మా రాఘవులు మాస్టారి మనిషే అనిపించింది.

రాఘవులు మాస్టారు బాపట్ల దగ్గర మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మా బడి మొత్తానికి ఉన్నది ఒకటే వాలీబాల్. నెట్ కూడా కొన్నది కాదు, పాత చేపలవల కత్తిరించి రెండు సరుగుడు బాదులకు కట్టింది. ఇసుకలో చెప్పుల్లేకుండా ఆడేవాళ్ళం. "పుస్తకం ఎంతో బంతీ అంతే" అనేవారు మాస్టారు. కాలు తగిలితే వెంటనే చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. అద్దుకోనివాళ్ళు ఆ సాయంత్రం ఆట చూడాల్సిందే, ఆడేది లేదు. మేం క్రైస్తవులం, అమ్మ అలాంటివాటికి ఒప్పుకోదేమో అనుకున్నాను. "అది దణ్ణం కాదే, మర్యాద" అంది అమ్మ. అలా అది నా ఒంటికి పట్టేసింది.

మా కోచ్ పేరు లుద్మీలా సెర్గేయెవ్నా. సెర్గేయెవ్నా అంటే సెర్గేయ్ అనే ఆయన కూతురు అని అర్థమట. వాళ్ళ దేశంలో గురువుని పిలవాలంటే పేరుతోపాటు తండ్రి పేరు కూడా కలిపి పిలవాలట. ఇక్కడి పిల్లలు అదేమీ పట్టించుకోకుండా కోచ్ మీలా అంటారు. మా అమ్మ మాత్రం మొదటిరోజు నుంచీ మీలాగారు అంది. 'గారు' అంటే ఏమిటని ఆవిడ అడిగితే, "రెస్పెక్ట్ మేడమ్, ఎండింగ్‌లో పెడతాం" అని చెప్పింది. అప్పటి నుంచి ఆవిడ అమ్మని సువార్తాగారు అంటారు. అమ్మ ఆ మాటని చర్చిలో ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు.

ఆవిడ మా క్లబ్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నారు. కానీ శనివారాలు చిన్నపిల్లలకి బంతి పట్టుకోవడం నేర్పడమే ఆవిడ పని. ఇంగ్లీషు బాగా రాదని, ఇక్కడి కోచింగ్ సర్టిఫికెట్లు ఆలస్యంగా వచ్చాయని పెద్దపిల్లల టీము ఎప్పుడూ ఇవ్వలేదు. ఈ ఏడు మొదటిసారి ఇచ్చారు. అదే మా టీము. క్లబ్‌లో బాగా ఆడేవాళ్ళంతా మొదటి టీములోకి వెళ్ళిపోగా మిగిలినవాళ్ళం మేం. సీజన్ ఆఖరికి మా డివిజన్‌లో అట్టడుగున ఉంటే మా టీము ఎత్తేస్తామని, ఆవిడ మళ్ళీ చిన్నపిల్లల దగ్గరికి వెళ్తారని క్లబ్ సెక్రటరీ తల్లిదండ్రుల మీటింగులోనే చెప్పేశాడు. అందులో దాచిందేమీ లేదు. మాకందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు.

ఫిబ్రవరిలో మ్యాచ్ ఆడటానికి లండన్ వెళ్ళాం, ఆ పెద్ద లండన్ కాదు, విండ్సర్‌కి రెండు గంటల దూరంలో అదే పేరుతో ఉన్న ఊరు. మా నాన్న డేవిడ్‌సన్ కారు విడిభాగాల ప్లాంటులో షిఫ్టు పని చేస్తాడు, ఉన్న ఒక్క కారూ ఆయనే తీసుకెళ్తాడు. అందుకని అమ్మా నేనూ మీలాగారి పాత వ్యానులో బయల్దేరాం. బయల్దేరే ముందు ఆవిడ మమ్మల్ని జిమ్ మెట్ల మీద కూర్చోబెట్టారు. ఎవరూ మాట్లాడకూడదు, కాసేపు ఊరికే కూర్చోవాలి. ప్రయాణం ముందు అలా కూర్చోవడం వాళ్ళ అలవాటట. అమ్మకి అది ఎంతో నచ్చింది. ఆ కాసేపట్లో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేసుకుంది.

ఆ రోజు ఆట మొదట్లో బాగానే సాగింది. వెనక వరసలో నిలబడి కిందికి వచ్చే బంతులు లేపడం నా పని. ఇసుకలో ఆడినదాన్ని కాబట్టి చెక్క నేల మీద వంగడం నాకు తేలికే. ఆఖరి సెట్‌లో ఎదుటి టీము అమ్మాయి కొట్టిన బంతి నేరుగా వచ్చి నా పాదం మీద పడింది. పడి పైకి లేచింది. అది తప్పు కాదు, ఆట ఆగదు. మా సెట్టర్ ఇషిత దాన్ని అందుకుంది, మా హిట్టర్ హన్నా నెట్ అవతలికి కొట్టింది. నేను మాత్రం అప్పటికే చెయ్యి బంతి వైపు చాచి, కళ్ళకద్దుకుంటున్నాను.

నేను కళ్ళు మూసుకుని తెరిచేలోపు బంతి తిరిగొచ్చి నా ముందే పడింది.

జిమ్‌లో ఎవరో నవ్వారు. ఆ తర్వాత వచ్చిన బంతులకి నేను కాలు వెనక్కి లాక్కుంటూనే ఉన్నాను. ఆ సెట్ పోయింది, మ్యాచ్ పోయింది.

ఇషిత ఇక్కడే పుట్టింది. వాళ్ళ అమ్మానాన్నలది కరీంనగర్. టవల్‌తో మొహం తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది.

"స్టెఫీ, డిడ్ యూ జస్ట్ ప్రే టు ద బాల్?"

నేను బూటు లేసులు విప్పుకుంటూ తల దించుకున్నాను. వెనక నుంచి అమ్మ అందుకుంది.

"ఎగతాళి ఎందుకమ్మా, దానికసలే నోరు లేదు."

"లేదు ఆంటీ, నేను జస్ట్ అడిగిన. రియల్లీ."

"మరి మీ ఇంట్లో పుస్తకానికి కాలు తగిల్తే ఏం చేస్తావ్?"

ఇషిత ఆలోచించింది. "మమ్మీ తిడ్తది" అంది. అమ్మకి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

తిరుగు ప్రయాణంలో 401 హైవే మీదికి ఎక్కాం. అమ్మ ముందు సీట్లో, నేను వెనక బంతుల సంచి పక్కన. రోడ్డుకి రెండువైపులా మంచు కప్పిన పొలాలు, ఎండ కళ్ళల్లో కొడుతోంది. ఆవిడ అద్దంలోంచి నన్ను చూశారు. ఆవిడ ఇంగ్లీషు చిన్నచిన్న ముక్కలుగా ఉంటుంది, అందుకే నాకు అందరికంటే ఆవిడ మాటే బాగా అర్థమవుతుంది.

"నీ చెయ్యి. నీ కళ్ళు. ఎందుకు?"

నేను కిటికీలోంచి మంచు వైపు చూశాను.

"చెప్పవే, అడుగుతున్నారుగా" అంది అమ్మ. నేను చెప్పకపోయేసరికి తనే మొదలెట్టింది. "మేడమ్, ఇన్ అవర్ విలేజ్, లెగ్ టచ్ బుక్, వి డూ లైక్ దిస్." కళ్ళకద్దుకుని చూపించింది. "బాల్ ఆల్సో సేమ్. హర్ మాస్టర్ టోల్డ్. రెస్పెక్ట్ మేడమ్. గారు లాగా."

కోప్పడతారేమో అని నేను బంతుల సంచిని గట్టిగా పట్టుకున్నాను.

"నా మొదటి కోచ్ ఒక అమ్మాయిని ఇంటికి పంపేసింది. బంతి మీద కూర్చుందని" అన్నారు మీలాగారు.

ఆ తర్వాత ఆవిడ చెప్పిందంతా నేను ఒక్క ముక్క పోకుండా విన్నాను. అప్పటిదాకా ఆవిడ తన గురించి మాకు ఏమీ చెప్పలేదు.

ఆవిడది రష్యాలో ఉరల్ కొండల దగ్గర ఇనుప గొట్టాలు చేసే ఫ్యాక్టరీ ఊరు. వాళ్ళ నాన్న సెర్గేయ్ కూడా ఆ ఫ్యాక్టరీలోనే పని చేసేవాడు. ఒకరోజు బడికి ఒకావిడ వచ్చి పిల్లలందరి చేతులూ తిప్పి చూసి, ఈవిడ వేళ్ళ దగ్గర ఆగి, "రేపటి నుంచి రా" అందట. అలా మొదలైంది. ఆటల హాస్టల్లో పెరిగారు. నెట్ దగ్గర నిలబడి కొట్టేవాళ్ళకి బంతి ఎత్తి ఇచ్చే సెట్టర్ అయ్యారు. పెద్ద లీగ్‌లో ఆడారు. రెండు వేసవులు నేషనల్ టీముతో కలిసి శిక్షణ తీసుకున్నారు.

"జెర్సీ ఇచ్చారు. ఆట ఇవ్వలేదు" అన్నారు ఆవిడ. "బెంచీ మీద కూర్చున్నా. కానీ ఇస్త్రీ చేసుకుని కూర్చున్నా."

అమ్మ నవ్వింది. ఆవిడ కూడా కొంచెం నవ్వారు.

తర్వాత లీగ్ ఫైనల్. ఆవిడ చిన్నప్పటి నుంచీ నడుము కింద బంతి తగిలితే తప్పు అని ఆడినవారు. అప్పటికి కొద్దికాలం కిందటే కాలు తగిలినా ఫరవాలేదని రూల్ మారింది. ఆఖరి సెట్‌లో బంతి ఆవిడ కాలి పక్కకే వచ్చింది. కాస్త కాలు చాస్తే లేచేది.

"రూల్ నా తలకి తెలుసు. కాలికి తెలియదు" అన్నారు. "బంతి నా బూటు పక్కన పడింది. నేను చూస్తూ నిలబడ్డా. నేషనల్ కోచ్ పైన కూర్చుని చూస్తున్నాడు. మళ్ళీ పిలవలేదు."

అమ్మ "అయ్యో" అంది, ఏ భాషలోనైనా అర్థమయ్యేలా.

మోకాలు పాడయ్యాక ఆవిడ సొంత ఊరికే వెళ్ళి, అదే ఫ్యాక్టరీ హాల్లో ఆడపిల్లలకి కోచ్ అయ్యారు. ఆ పిల్లల్లో ఇద్దరు నేషనల్ టీముకి ఆడారు. వాళ్ళు ఆడుతున్నప్పుడు ఈవిడ మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దుతున్నారు. భర్తకి ఇక్కడ మెషినిస్టు ఉద్యోగం రావడంతో వచ్చేశారట. బ్రేక్ టైములో ఫోనులో ఆ మ్యాచ్ చూశారు.

"పక్కన ఉన్నవాడికి చెప్పా. ఆ అమ్మాయికి సర్వీస్ నేర్పింది నేను అని. వాడు 'కూల్' అన్నాడు. శాండ్‌విచ్ తిన్నాడు."

"మా ఊళ్ళో అయితేనా వీధంతా స్వీట్లు పంచేవాళ్ళం" అంది అమ్మ తెలుగులోనే. తర్వాత గుర్తొచ్చి, "స్వీట్స్ మేడమ్, ఫుల్ స్ట్రీట్" అని కలిపింది.

నాకు మాత్రం గుండె నిండిపోయింది. నేషనల్ టీముకి ఆడేవాళ్ళని తయారుచేసినావిడ నన్ను వ్యానులో ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్తున్నారు. ఈ సంగతి క్లబ్‌లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

విండ్సర్ దగ్గరపడుతుండగా ఆవిడ మళ్ళీ అద్దంలోంచి చూశారు. "స్టెఫీ, కాలు తగిలితే బంతికి అవమానం లేదు. నేల తగిలితే అవమానం."

మాట అర్థమైంది. కాలికే అర్థం కాలేదు. తర్వాతి శనివారం పొద్దున ప్రాక్టీసులో ఆవిడ నా పాదాల దగ్గరికి ఒకదాని తర్వాత ఒకటి బంతులు విసిరారు. ప్రతిసారీ నా కాలు దానంతటదే వెనక్కి పోయింది. ఇషిత పక్కన నిలబడి, "జస్ట్ కిక్ ఇట్, స్టెఫీ" అంటూనే ఉంది. నేను తల ఊపుతూనే ఉన్నాను, కాలు లాక్కుంటూనే ఉన్నాను.

మీలాగారు బంతులు పక్కన పెట్టి అమ్మ దగ్గరికి వెళ్ళారు. "ఇది నా రూల్ కాదు. నేను తీయలేను. వాళ్ళ మాస్టారి రూల్. ఆయనకి ఫోన్ ఉందా?"

అమ్మ దగ్గర ఊరి నంబర్లన్నీ ఉంటాయి. అక్కడ రాత్రి భోజనాల వేళ. వీడియోలో బనీనుతో రాఘవులు మాస్టారు కనబడ్డారు, వెనక గోడ మీద కప్పులూ షీల్డులూ.

"ఎవరే, స్టెఫీనా? ఏంటే అలా చిక్కిపోయావ్, అక్కడ అన్నం దొరకదా?"

"దొరుకుద్దండి."

"వినబడేలా చెప్పవే. సముద్రాలు దాటినా గొంతు మాత్రం పెరగలేదు నీకు. ఆడుతున్నావా?"

"ఆడుతున్నానండి."

అంతకుమించి నావల్ల కాలేదు. అమ్మ ఫోన్ లాక్కుంది. "మాస్టారండీ, కాలితో బంతి లేపమంటున్నారండి వాళ్ళ కోచ్‌గారు. ఇదేమో మీ మాట పట్టుకుని కాలు లాగేసుకుంటోందండి. మొన్న మ్యాచ్‌లో బంతిని కళ్ళకద్దుకుంటూ నిలబడిపోయింది."

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఆ రూల్ నాకు తెలుసమ్మా. తెలిసే చెప్పలా. కాలు ఆడించొచ్చంటే ఇక్కడి మగపిల్లలు ఫుట్‌బాల్ చేసేస్తారు. ఉన్నది ఒక్క బంతి. ఇంతకీ ఆవిడేమన్నా ఆడిందా?"

"రష్యా టీములో సెట్టరండి."

మాస్టారు తెర మీద నుంచి మాయమయ్యారు. తిరిగొచ్చేసరికి ఒంటి మీద చొక్కా ఉంది, గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాయి. "ఫోన్ ఆవిడకివ్వు" అన్నారు.

"గుడ్ ఈవినింగ్ మేడమ్. ఐ యామ్ రాఘవులు. ఐ ఆల్సో సెట్టర్."

మీలాగారు ఫోనుని రెండు చేతులతో పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. "మంచి చేతులు నేర్పారు. ఈ అమ్మాయికి" అని ఒక్కో ఇంగ్లీషు మాటా విడిగా పలికారు.

"యెస్ మేడమ్. చేతులు నావే" అన్నారు మాస్టారు, సగం తెలుగులో. "కాళ్ళు మీరు నేర్పండి." అమ్మ ఆ సగాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ తల వంచి నమస్కారంలాంటిదేదో చేశారు.

మాస్టారు నన్ను పిలిచారు. "స్టెఫీ, విను. ఆటలో కాలు తగిలితే తగలనీ. ఆపమాక. అద్దుకోవడం తర్వాత. ఆట అయ్యాక. ఎన్నిసార్లు తగిల్తే అన్నిసార్లు, ఎగ్గొట్టకూడదు."

"అలాగేనండి."

ఈసారి మాస్టారికి వినబడింది. ఎందుకంటే ఆయన నవ్వారు.

"ఏమన్నారు?" అని మీలాగారు అడిగారు. "ఆఫ్టర్ మేడమ్. తర్వాత" అంది అమ్మ. ఆవిడ ఆ మాటని రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకున్నారు. "తర్వాతా. తర్వాతా."

ఆ రోజు నుంచి ప్రాక్టీసులో నా కాలు వెనక్కి పోలేదు. కానీ ప్రాక్టీసు వేరు.

ఆఖరి టోర్నమెంటు మిస్సిసాగాలో. ఆ ఊళ్ళో ఆవిడ పెట్టెలు సర్దిన వేర్‌హౌస్ ఎటువైపు అని అమ్మ దారిలో అడిగింది. ఆవిడ హైవే పక్కకి చెయ్యి చూపించారు, కానీ అక్కడ అన్నీ ఒకేలాంటి కట్టడాలు. ఆఖరి మ్యాచ్ గెలిచినవాళ్ళు డివిజన్‌లో ఉంటారు, ఓడినవాళ్ళు పోతారు. మాలాగే అట్టడుగున ఉన్న ఆ ఊరి టీముతోనే మా ఆట. క్లబ్ సెక్రటరీ కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

మొదటి సెట్ మాది, రెండోది వాళ్ళది. మూడోదానిలో పాయింట్లు పక్కపక్కనే నడిచి పదమూడు దగ్గర సమానమయ్యాయి. ఇంకా రెండు కావాలి. వాళ్ళమ్మాయి గట్టిగా కొట్టిన బంతి హన్నా చేతులకి తగిలి పక్కకి, మా బెంచీ వైపు పడిపోతోంది. నేను పరుగెత్తాను. చెయ్యి అందదని సగం దూరంలోనే తెలిసిపోయింది. నేల మీద జారుతూ కాలు చాచాను.

బంతి నా పాదం మీద పడింది. పైకి లేచింది.

నా చెయ్యి కూడా లేచింది. నేను లేపలేదు, అదే లేచింది. కళ్ళదాకా సగం వచ్చింది. అప్పుడు నా పక్కనే, ఆటలో ఎన్నడూ అరవని ఆవిడ గొంతు జిమ్ అంతా మోగింది.

"తర్వాతా."

నా చెయ్యి ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉంచాను. ఇషిత వెనక్కి వంగి బంతిని ఎత్తింది, హన్నా నెట్ దాటించింది, వాళ్ళు తిప్పి కొట్టారు, అప్పటికి నేను లేచి నా చోటికి వచ్చేశాను. ఈసారి బంతి నా చేతుల్లోకే వచ్చింది. మళ్ళీ ఇషిత, మళ్ళీ హన్నా. బంతి వాళ్ళవైపు నేల మీద పడింది.

తర్వాతి పాయింటు చెప్పుకోవడానికేం లేదు. మా సర్వీస్‌ని వాళ్ళు తిప్పి కొడితే నెట్‌లోకి పోయింది. మ్యాచ్ మాది.

అందరూ మీద పడి కౌగిలించుకుంటున్నారు. ఇషిత నా చెవిలో, "కోచ్ తెలుగులో అరిచింది. ఐ యామ్ డెడ్" అంటోంది. సెక్రటరీ వచ్చి మీలాగారికి చెయ్యిచ్చి, "వచ్చే ఏడు కూడా టీము మీదే, కోచ్" అన్నాడు. ఆవిడ థాంక్యూ అన్నారు. ఆవిడ కళ్ళు మాత్రం దేనికోసమో వెతుకుతున్నాయి. బంతి కోసం. అది బెంచీ కింద ఉంది. వెళ్ళి తీసి, తువ్వాలుతో తుడిచి, నా దగ్గరికి పట్టుకొచ్చారు.

అమ్మ మెట్ల మీద నుంచి దిగి వచ్చింది. "ఇప్పుడు అద్దుకోవే" అంది.

జిమ్‌లో అంతమంది ఉన్నారు. ఎదుటి టీము పిల్లలు కూడా చూస్తున్నారు. లండన్‌లో అయితే నేను నేలలోకి దూరిపోయేదాన్ని. ఇప్పుడు రెండు చేతులతో బంతి తీసుకుని కళ్ళకద్దుకున్నాను. ఆ రోజు ఎన్నిసార్లు తగిలిందో గుర్తున్నంతవరకు అన్నిసార్లు అద్దుకున్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా నేను ఆపేదాన్ని కాదు.

పూర్తయ్యాక బంతిని తిరిగి ఇవ్వబోతే, మీలాగారు వెంటనే తీసుకోలేదు.

"ఒకటి నాది కూడా ఉంది" అన్నారు. "చాలా పాతది."

ఏ బంతో అమ్మకీ నాకూ తెలుసు. ఆవిడ పొడుగాటి వేళ్ళతో బంతిని పట్టుకుని, అమ్మ వ్యానులో చూపించినట్టే, ఒకసారి కళ్ళకద్దుకున్నారు. తొందరపడలేదు.

అమ్మ ముక్కు చీదుకుంది.

"సరే. నెట్ విప్పండి" అన్నారు మా కోచ్. "ఇంటికి చాలా దూరం. ముందు అందరూ కాసేపు కూర్చోండి."

మేమంతా నేల మీద కూర్చున్నాం. బంతి ఆవిడ ఒళ్ళో ఉంది. ఆవిడెవరని ఎదుటి టీము అమ్మాయి ఒకతె నన్ను అడిగింది. నేను ఆ పిల్ల కళ్ళల్లోకి చూసి, జిమ్ చివర నిలబడినవాళ్ళకి కూడా వినబడేలా చెప్పాను.

"లుద్మీలా సెర్గేయెవ్నా. మా కోచ్."